మెడ మీద పొక్కులు రాకుండా ఏ సేఫ్టీ రేజర్ కొనాలి?

బరంపురం నుంచి ప్రశ్న:
అన్నలందరికీ నమస్కారం. మాది బరంపురం, బడా బజార్ దగ్గర ఉంటాం. నాకు 27 ఏళ్లు. ఇన్నాళ్లూ మూడు బ్లేళ్ల కార్ట్రిడ్జ్‌తోనే గీసుకుంటున్నాను. దవడ కిందా మెడ మీదా పొక్కులొస్తున్నాయి. కొన్నిట్లో వెంట్రుక లోపలే చుట్టుకుపోయి చీము కూడా పడుతోంది. గడ్డం ముతక, కొంచెం రింగులు. వారానికి రెండుసార్లు గీస్తాను. నాన్నగారిది పాత రేజర్ ఒకటి బీరువాలో ఉంది, పిడి అడుగున తిప్పితే పైన రెండు రెక్కలు తెరుచుకుంటాయి. అది వాడొచ్చా, కొత్తది కొనాలా? కొనాలంటే 2000 లోపు. బ్లేడు కింద పట్టీకి దువ్వెన పళ్లలాంటివి ఉన్నది కొనమని ఒకరు, దాంతో మొహమంతా తెగుతుందని ఒకరు చెబుతున్నారు.

పర్లాకిమిడి నుంచి:
తమ్ముడూ, చీము ఉన్నచోట మానేదాకా ఏ రేజరూ పెట్టకు. తగ్గకపోతే చర్మం డాక్టరుకి చూపించు. రేజర్ మాట ఆ తర్వాత.

పొక్కులెందుకొస్తాయో తెలిస్తే ఏది కొనాలో సగం తేలిపోతుంది. కార్ట్రిడ్జ్‌లో ముందు బ్లేడు వెంట్రుకని కొంచెం పైకి లాగుతుంది, అది వెనక్కి పోయేలోపు వెనక బ్లేడు కోసేస్తుంది. కొస చర్మం లోపలికి దిగిపోతుంది. రింగుల వెంట్రుక మళ్లీ పెరిగేటప్పుడు వంకర తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. ఒక్క బ్లేడైతే చర్మం మట్టానికే కోస్తుంది. అలాగని ఒక్క బ్లేడుండే ఈ సేఫ్టీ రేజర్‌తో చర్మం సాగదీసి ఎదురు గీత గీస్తే మళ్లీ అదే కథ. నీ మెడకి వాలు గీతే, అంటే వెంట్రుక పెరిగే వైపుకే గీయడం, అదీ ఒక్కసారే. మెడ మీద వాలు అంతటా ఒకలా ఉండదు. రెండ్రోజుల గడ్డం మీద వేళ్లతో నిమిరి చూడు. నాకు గొంతుముడి కింద పక్కకి తిరిగి ఉంటుంది, అది తెలియక ఏళ్ల తరబడి మంటతో బాధపడ్డాను.

నాన్నగారి రేజర్ ముందు బయటికి తియ్యి. జిలెట్‌కి 1904లో పేటెంటు వచ్చిన రోజుల నుంచీ నడుస్తున్న రెండంచుల బ్లేడే ఇది. ఈనాటి బ్లేడు ఏ కంపెనీదైనా అందులో పడుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో తోము. బ్లేడు వేసి రెక్కలు మూసి, కంటికెదురుగా పెట్టి చూడు. రెండు పక్కలా బ్లేడు సమానంగా బయటికి కనిపించాలి, కదలకూడదు. వదులుగా ఉంటే దాచుకో, వాడకు. గట్టిగా ఉంటే నెల్రోజులు దానితోనే గీసుకో, డబ్బు ఎక్కడికీ పోదు.

కొనాల్సే వస్తే చూడాల్సింది బ్లేడు అంచుకీ కింద పట్టీకీ మధ్య సందు, బ్లేడు ఎంత ముందుకి పొడుచుకొచ్చింది అన్న రెండూనూ. రోజూ గీసేవాళ్లకి సందు తక్కువున్నది హాయి. నీలాగా మూడు నాలుగు రోజుల ముతక గడ్డానికి మరీ మెత్తనిదైతే ఒకేచోట నాలుగుసార్లు గీయాల్సొస్తుంది, మంట అక్కడే పుడుతుంది. కాబట్టి నీకు మధ్యరకం కావాలి. దువ్వెన పళ్లుంటే పెరిగిన వెంట్రుకా నురగా ఇరుక్కోకుండా జారిపోతాయి, అంతవరకే. తెగేది పళ్లవల్ల కాదు. మ్యూలే ఆర్41 నిజంగా కరుకే. దాన్ని చూసి పళ్లున్నవన్నీ అంతేనని భయపడిపోయారు. అదే కంపెనీ ఆర్89కి పళ్లుండవు, మెత్తగా గీస్తుంది. ఇవీ, మెర్కూర్ 34సీ లాంటివీ నీ బడ్జెట్ దాటిపోతాయి. మన దేశంలోనే తయారయ్యే పార్కర్‌లో చూడు.

రాయగడ నుంచి:
లోహం ఏదో కూడా అడిగి కొను బాబూ. చవకవి చాలావరకు జింకు మిశ్రమం మీద క్రోమ్ పూత. నాది ఒకసారి బాత్రూమ్ గచ్చు మీద పడి మర దగ్గరే విరిగిపోయింది. మీకు గోపాలపూర్ ఉప్పుగాలి కూడా తగులుతుంది, పూత లేచిందంటే లోపల తినేస్తుంది. ఇత్తడి పిడైనా, స్టీలైనా నయం. గీసుకున్నాక కడిగి, దులిపి, ఆరబెట్టు.

కోరాపుట్ నుంచి:
నేను ఒక్క విషయంలో ఒప్పుకోను అన్నా. రేజర్ కంటే ముందు బ్లేడే చూసుకోవాలి. ఒకే రేజర్‌లో ఒక బ్లేడు పీకుతుంది, ఇంకోటి వెన్నలా పోతుంది. నాలుగు రకాలు ఒక్కో పెట్టె తెచ్చుకుని, ఒక్కోటి రెండు వారాలు వాడి చూడమను. ఫెదర్ కంపెనీ బ్లేడు మాత్రం మొదటి నెల వద్దు, చాలా పదును.

పర్లాకిమిడి నుంచి:
నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఒకసారికి ఒక్కటే మార్చు తమ్ముడూ. రేజరూ బ్లేడూ సబ్బూ మూడూ ఒకేసారి మారిస్తే మంట దేనివల్లో తెలీదు.

చెయ్యి గురించీ చెప్పాలి. కార్ట్రిడ్జ్ అలవాటుతో అదిమేస్తావు, రక్తం వచ్చేది అందుకే. రేజర్ బరువే చాలు. రేజర్ తల పైభాగాన్ని చెంపకి ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించుతూ రా. చిరచిరమని వెంట్రుక తెగే చప్పుడు వినిపించిన చోట ఆపు, నీ కోణం అదే. గడ్డాన్ని ముందు వేడినీళ్లతో బాగా తడుపు. బోరునీళ్లకి నురగ నిలవకపోతే ఒక మగ్గు నీళ్లు మరిగించి, తేర్చి, వాటితో కలుపు. ఆఖర్న చన్నీళ్లు, తర్వాత తడి పటిక. మీ ఊరి కొట్లో పటిక అంటే తెలీకపోతే ఫిటికిరి అని అడుగు.

బరంపురం నుంచి, నెల తర్వాత:
నాన్నగారి రేజరే బాగుంది అన్నా, వదులు లేదు. చెంపలు శుభ్రం. మెడ మీద వాలు ఎడమ వైపు పక్కకీ, కుడి వైపు కిందికీ ఉంది. అలాగే గీస్తున్నాను, కొత్త పొక్కులు రెండే వచ్చాయి. పాత బ్లేళ్లు ఏం చెయ్యాలి? చెత్తలో పడేస్తే మున్సిపాలిటీ వాళ్ల చేతులు కోసుకుంటాయని భయంగా ఉంది.

రాయగడ నుంచి:
మూత గట్టిగా పట్టే రేకు డబ్బా తీసుకుని పైన సన్నగా గాటు పెట్టు, వాడినవి అందులో వేస్తూ ఉండు. నిండాక గాటు మీద టేపు చుట్టి ఇనప సామాన్లవాడికి ఇచ్చెయ్యి, లోపల బ్లేళ్లున్నాయని చెప్పి మరీ ఇవ్వు.