చిన్న డెస్క్‌టాప్‌కి ముందు ర్యామా, ఎస్ఎస్‌డీనా?

పాలకొల్లు, డీటీపీ సెంటర్:
మా షాపులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న సీపీయూ ఉందండీ. రెండు డైరీలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఉంటుంది. 8వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. పొద్దున్నే ఆన్ చేసి, టీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పెళ్లి కార్డు ఫైలు తెరుచుకునేదాకా కస్టమర్లు నిలబడే ఉంటున్నారు. ముహూర్తాలు దగ్గరపడ్డాయి, టెన్షన్‌గా ఉంది. మా తమ్ముడు ర్యామ్ 16 జీబీ చెయ్యమంటున్నాడు, రిపేరు చేసే ఆయన ఎస్ఎస్‌డీ, అంటే చిప్పులతో చేసిన డిస్క్, వెయ్యమంటున్నారు. ఒక్కదానికే డబ్బులున్నాయి. ఏది ముందు?

భీమవరం:
ఎస్ఎస్‌డీ. ఇందులో నాకు అనుమానం లేదు.

హార్డ్ డిస్క్ లోపల పళ్లెం 7200 ఆర్పీఎం అంటే సెకనుకి 120 చుట్లు తిరుగుతుంది. కావలసిన డేటా ముక్క, దాన్ని చదివే ముల్లు కిందికి రావడానికి సగటున 4 మిల్లీసెకన్లు, ముల్లు అక్కడికి జరగడానికి ఇంకొంత. అలా లెక్కేస్తే సెకనుకి వంద ముక్కలు ఏరుకోవడమే గొప్ప. విండోస్ లేచేటప్పుడు, ఫాంట్లు లోడయ్యేటప్పుడు కావలసినవి అక్కడక్కడా పడున్న వేల చిన్న చిన్న ముక్కలు. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు కాబట్టి ఆ ఏరుకునే పని వందల రెట్లు త్వరగా అవుతుంది. డీటీపీ సిస్టమ్‌లో వందల ఫాంట్లు ఉంటాయి, మీకు దెబ్బ కొడుతున్నది అక్కడే.

కొనేముందు మూత తీసి చూడండి. ఎం.2 స్లాట్, అంటే సన్నని పట్టీలా ఉండే ఎస్ఎస్‌డీ గుచ్చే చోటు, ఉంటే అది ఎన్‌వీఎంఈ (వేగమైన కొత్త రకం) తీసుకుంటుందో, సాటా (పాత రకం) తీసుకుంటుందో మోడల్ నంబరు కొట్టి కంపెనీ మాన్యువల్‌లో చూసుకోవాలి. డ్రైవుకి ఒక గాటు ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ, రెండు గాట్లుంటే చాలావరకు సాటా. పక్కనే వైఫై కార్డుకి పొట్టి స్లాట్ ఒకటి ఉంటుంది, అందులో ఎస్ఎస్‌డీ పెట్టాలని చూడకండి. ఎం.2 లేకపోతే ఇప్పుడున్న హార్డ్ డిస్క్ చోట 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ వేసుకోవచ్చు. దాని వేగం సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, మీ పనికి అది చాలు.

అమలాపురం, ఫ్లెక్స్ ప్రింటింగ్:
భీమవరం గారూ, మీరు షాపు పని చూడకుండా చెప్తున్నారు. పది అడుగుల ఫ్లెక్స్ ఫైలు, లేయర్లతో, పక్కన బ్రౌజరు. 8 జీబీ ఏ మూలకి? పైగా ఈ చిన్న సీపీయూల్లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు, ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటుంది. ఒక్క ర్యామ్ స్టిక్ ఉంటే డేటా వెళ్లడానికి ఒక్క దారే. రెండో స్టిక్ పడితే గ్రాఫిక్స్ కూడా తేలికపడుతుంది. ర్యామ్ నిండాక ఫోటోషాప్ డిస్క్ మీద రాయడం మొదలుపెడుతుంది. కొత్త ఎస్ఎస్‌డీని అలా రోజూ అరగదీస్తారా?

భీమవరం:
రెండు స్టిక్‌ల మాట నిజమే, ఒప్పుకుంటాను. అరుగుదల మాట ఒప్పుకోను. శాంసంగ్ 870 ఈవో 500 జీబీ డ్రైవుకి కంపెనీ చెప్పిన రాత పరిమితి 300 టీబీ, అంటే 3 లక్షల జీబీ. రోజుకి 50 జీబీ రాసినా 6000 రోజులు, అంటే 16 ఏళ్లు. అంతకాలం ఆ సీపీయూ ఉండదు.

పాలకొల్లు గారూ, మా వాదన పక్కన పెట్టి విండోస్‌లో ఏది ఎంత వాడకంలో ఉందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ ఎంత, మెమరీ ఎంత చూసి రాయండి.

నరసాపురం:
మధ్యలో ఒక్క మాట. మన వైపు ఉప్పుగాలికి ర్యామ్ కాళ్లు మసకేస్తాయి. స్టిక్ తీసి, పిల్లల రబ్బరుతో మెత్తగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెట్టండి. ఏటవాలుగా గుచ్చి కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనాలి. కరెంటు వైరు పీకేశాకే సుమా.

పాలకొల్లు, డీటీపీ సెంటర్:
చూశానండీ. ఆన్ చేసిన పది నిమిషాలదాకా డిస్క్ 100 శాతం, మెమరీ 4 జీబీ కూడా దాటలేదు. కార్డు ఫైలు, బ్రౌజరు తెరిస్తే మెమరీ 6. ఫ్లెక్స్ ఫైలుకి మాత్రం 7.6 అయ్యి బిగుసుకుపోయింది. ఫ్లెక్సులు మాకు వారానికి రెండో మూడో. మూత తీశాను, దుమ్ము ఫ్యానుకి గడ్డకట్టి ఉంది. ఎం.2 స్లాట్ ఖాళీగా ఉంది, దాని స్క్రూ మాత్రం లేదు. ర్యామ్‌కి రెండో స్లాట్ కూడా ఖాళీయే.

భీమవరం:
అయితే తేలిపోయింది, ఇబ్బంది డిస్క్‌దే. ఎస్ఎస్‌డీతో పాటు ఆ స్క్రూ కూడా అడిగి తీసుకోండి. పాత డిస్క్‌ని రెండు వారాలు చెరపకండి, కస్టమర్ల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి.

అమలాపురం, ఫ్లెక్స్ ప్రింటింగ్:
ఆ లెక్కలు చూశాక కార్డుల వరకూ ఎస్ఎస్‌డీయే ముందు. ఫ్లెక్స్ పనికి ర్యామ్ తప్పదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. నా దగ్గర డీడీఆర్‌4 రకం, 2666 వేగం ల్యాప్‌టాప్ ర్యామ్ స్టిక్, 8 జీబీది, వాడకుండా ఉంది. మీ దాంట్లోనూ డీడీఆర్‌4 అవునో కాదో స్టిక్కరు చూసి చెప్పండి. ఆదివారం చించినాడ వంతెన దాటి అటే వస్తున్నాను, వేసి చూద్దాం.