నియోకాన్లని ముంచింది ట్రంపా, ఇరాకా?

గోదారిగట్టు:
రిపబ్లికన్ పార్టీలో నియోకాన్ల (అమెరికా బలం వాడి బయటి దేశాల్లో నియంతల్ని దించి డెమోక్రసీ తేవాలనే వర్గం) పని అయిపోయిందని అందరూ ఒప్పుకుంటున్నారు, కానీ అది ట్రంప్ చేసిన పని అంటే మాత్రం నేను ఒప్పుకోను. 2003 ఇరాక్ యుద్ధమే వాళ్ళని ముంచింది. మీరేమంటారు?

నల్లమల76:
కాదండీ. ఇరాక్ తర్వాత కూడా 2008లో ఆ యుద్ధాన్ని సమర్థించిన మెకెయిన్‌కే అధ్యక్ష టికెట్ ఇచ్చారు కదా. అసలు మలుపు 2016 ఫిబ్రవరి. సౌత్ కరోలినాలో రిపబ్లికన్ అభ్యర్థుల డిబేట్‌లో ఇరాక్ యుద్ధం పెద్ద తప్పు అని ట్రంప్ మొహం మీదే అన్నాడు, హాల్లో జనం గోల చేశారు, అయినా వారానికే అక్కడి ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్) గెలిచాడు, ఇరాక్ మీదికి సైన్యాన్ని పంపిన అధ్యక్షుడు బుష్ తమ్ముడు జెబ్ బుష్ ఆ రాత్రే రేసులోంచి తప్పుకున్నాడు.

గోదారిగట్టు:
యుద్ధం బాగా జరిగుంటే ఆ మాట అన్నవాడు అక్కడ గెలిచేవాడా చెప్పండి. కొంచెం వెనక్కి వెళ్దాం. నియోకాన్లకి మూలపురుషుడు అనే ఇర్వింగ్ క్రిస్టల్ కుర్రతనంలో న్యూయార్క్ సిటీ కాలేజీలో ట్రాట్‌స్కీ కమ్యూనిజం మనిషి, తర్వాత లిబరల్ అయ్యాడు, 1965లో డేనియల్ బెల్‌తో కలిసి ఒక పత్రిక పెట్టాడు, అందులో పదే పదే రాసింది ఏంటంటే సర్కారు స్కీములు పెట్టినంత మాత్రాన పేదల వాడల్లో బతుకులు మారిపోవు, మంచికని మొదలెట్టినవే ఒక్కోసారి ఎదురు తిరుగుతాయి అని. సొంత ఊళ్ళోనే అది కష్టం అన్నవాళ్ళ వారసులు వేల మైళ్ళ అవతల భాష కూడా రాని దేశంలో సైన్యంతో డెమోక్రసీ నిలబెడతాం అన్నారు, నాకు మింగుడుపడనిది అదే. రాజకీయ మేధావి ఫుకుయామా వాళ్ళ మనిషే, 2006కల్లా ఇలాంటి విమర్శే చేసి బయటికొచ్చేశాడు.

డల్లాస్ పిన్ని:
ఇరాక్ మొత్తం నియోకాన్ల నెత్తిన వెయ్యడం అన్యాయం బాబూ. యుద్ధం నడిపిన ఉపాధ్యక్షుడు చెనీ, రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ ఆ గుంపు వాళ్ళు కాదు. అసలు నియోకాన్ల దారి వేరు. 1974లో సోవియట్ యూదుల్ని దేశం దాటనివ్వకపోతే వాణిజ్య రాయితీలు ఇవ్వం అని జాక్సన్-వానిక్ సవరణ తెచ్చింది సెనేటర్ జాక్సన్, ఆయన దగ్గర పనిచేసినవాడే నియోకాన్ల పెద్దల్లో ఒకడైన రిచర్డ్ పెర్ల్. నియంతల్ని నిలదియ్యడం తప్పెలా అవుతుంది?

గోదారిగట్టు:
అది గొప్ప పనే పిన్నిగారూ, కాదనను. కానీ అక్కడ వాడింది వ్యాపారం, ఇక్కడ వాడింది సైన్యం. యుద్ధానికి ముందు ఆర్మీ చీఫ్ షిన్సెకీ ఇరాక్‌ని అదుపులో పెట్టడానికి కొన్ని లక్షల మంది సైనికులు కావాలని సెనేట్‌లో చెప్తే రక్షణ శాఖలో రెండో స్థానంలో ఉన్న వోల్ఫోవిట్జ్ ఆ అంచనా కొట్టిపారేశాడు. 2003 మే నెలలో ఇరాక్‌లో అమెరికా పాలనాధికారి బ్రెమర్ ఇరాక్ సైన్యాన్నే రద్దు చేశాడు, చేతిలో తుపాకీ ఉండి జీతం లేని లక్షల మంది ఎటు పోతారు? ఏ ఆయుధాల కోసం వెళ్ళామన్నారో అవీ దొరకలేదు.

నల్లమల76:
షిన్సెకీ సంగతి ఒప్పుకుంటా. మరి 2022లో వ్యోమింగ్ ప్రైమరీలో చెనీ కూతురు లిజ్ చెనీ ఓడిపోయింది ఇరాక్ వల్ల కాదు కదా, 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం మీద జరిగిన దాడి గురించి ట్రంప్‌ని నిలదీసినందుకు. దానికేమంటారు?