అర్జీ, నోటీసు, చిన్న వ్యాసం: ఒక్కసారి చదవగానే అర్థమయ్యేలా రాయడం ఎట్లా?

పెన్నా_పిల్ల (కోవూరు)
అందరికీ నమస్కారం. డిగ్రీ అయ్యాక ఇంటి దగ్గరే ఉండి గ్రూప్స్‌కి చదువుకుంటున్నాను. మా వీధిలో ఎవరికి అర్జీ కావాలన్నా "చదువుకున్నదానివి గదా, రాసిపెట్టమ్మా" అని వస్తారు. రాయడమంటే నాకు ఇష్టం. స్కూల్లో లేఖ రాసే పద్ధతి నేర్పారు. పైన ఊరు, తేదీ, కింద "ఇట్లు". మధ్యలో ఏం రాయాలో, దేన్ని ముందు పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు పంట కాలువ గురించి ఒక అర్జీ రాయాలి. మా పెద్దాయన ఒకరు పాత అర్జీ ఇచ్చి ఇదే పద్ధతిలో రాయమన్నారు:

"అయ్యా, మా గ్రామమునందు గల పంట కాలువ గత కొంతకాలముగా పూడికతో నిండిపోయి, గుర్రపుడెక్క విపరీతముగా పెరిగిపోయి నీటి సరఫరాకు తీవ్ర అంతరాయము కలుగుచున్నందున చివరి భూముల రైతులు మిక్కిలి ఇబ్బందులకు గురికాబడుచున్నారు కావున తమరు దయతలచి తగు చర్యలు గైకొనవలసినదిగా ప్రార్థించుచున్నాము."

దీన్ని ఎట్లా మార్చాలి? అర్జీలే కాదు, నోటీసులు, పేపరుకు ఉత్తరాలు, ఏవైనా సరే, రాసే అలవాటున్నవాళ్లు మీ అనుభవాలు చెప్పండి.

అర్జీల_అన్న (ఆత్మకూరు)
చెల్లెమ్మా, ముందు ఆ కాగితం ఎక్కడికి పోతుందో చెబుతా. సోమవారం గ్రీవెన్స్‌లో (అధికారులు జనం దగ్గర అర్జీలు తీసుకునే కార్యక్రమం) అర్జీ ఇస్తే కౌంటరు దగ్గర దాన్ని కంప్యూటర్లో ఎక్కించి, ఏ శాఖదో చూసి ఆ శాఖకు పంపుతారు. అక్కడ కూర్చున్న మనిషి ముందు పెద్ద క్యూ ఉంటుంది. నీ అర్జీ మొత్తం నింపాదిగా చదివే తీరిక ఉండదు. మొదటి రెండు వాక్యాల్లో విషయం దొరికితే సరైన శాఖకు పోతుంది. దొరక్కపోతే పంచాయతీకి పోయి, అక్కడి నుంచి "మాది కాదు" అని తిరిగొస్తుంది. ఇట్లా తిరిగొచ్చిన అర్జీలు మళ్లీ రాసిచ్చే పని నాకు తరచూ పడుతుంది.

పాత అర్జీలో అడిగేది ఏంటి? "తగు చర్యలు." అంటే పూడిక తియ్యాలా, గట్టు కట్టాలా, వచ్చి చూసిపోతే చాలా? అవతలివాళ్లు ఏం చేసినా తగు చర్యే అవుతుంది. నేనైతే ఇట్లా రాస్తా:

"మా ఊరి పంట కాలువలో పూడిక, గుర్రపుడెక్క తీయించాలని కోరుతున్నాము. తూము దగ్గర నుంచి రామాలయం వెనక దాకా సుమారు అర కిలోమీటరు కాలువ పూడిపోయింది. చివరనున్న 40 ఎకరాలకు నీళ్లు అందడం లేదు. నవంబరులో నార్లు పోస్తాము. అక్టోబరు ఆఖరులోపు పని పూర్తయితే ఈ పంట దక్కుతుంది. భూముల సర్వే నంబర్లు, కాలువ ఫొటోలు జత చేశాము."

దూరం, ఎకరాలు, నెలలు ఉదాహరణకు వేశా. నీవి నువ్వు కనుక్కుని వెయ్యి. రైతును వెంటబెట్టుకుని కాలువ చివరిదాకా నడువు. అక్కడ చూసిందే రాయి. రాయడంలో సగం పని అక్కడే అయిపోతుంది.

కరణంగారి_మనవడు (ఉదయగిరి)
అన్న రాసింది బాగుంది గానీ, అధికారికి రాసేటప్పుడు ఆ "ప్రార్థించుచున్నాము" లేకపోతే పెద్దలకు నచ్చదు. మర్యాద లేదంటారు. మా తాతగారి కాలం కాగితాలన్నీ ఆ భాషలోనే ఉన్నాయి.

పలకబలపం (మార్కాపురం)
రిటైరైన తెలుగు మేష్టారిని. మర్యాద విషయం నన్ను చెప్పనివ్వండి. "గౌరవనీయులైన" అని మొదలుపెట్టి, "కోరుతున్నాము" అని ముగిస్తే మర్యాదకు లోటేమీ రాదు. వినయం రెండు చోట్ల చాలు. మధ్యలో ఉండాల్సింది విషయం. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడిందే ఇందుకు. చదువు జనానికి అందాలంటే జనం మాట్లాడే భాషలో రాయాలన్నారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అదే రోజు బళ్లో పిల్లల చేత "గైకొనవలసినదిగా" అని సెలవు చీటీ రాయిస్తాం! నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇంకో సంగతి. "చేయబడినది", "తెలియజేయడమైనది" అని రాస్తే పని చేసిన మనిషి కనపడడు. "రోడ్డు తవ్వబడినది" అంటే ఎవరు తవ్వారు? "పైపుల కోసం కాంట్రాక్టరు రోడ్డు తవ్వాడు" అంటే ఎవర్ని అడగాలో తెలుస్తుంది. కొత్తగా రాసేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: ప్రతి వాక్యంలో ఎవరు ఏం చేశారో కనిపించాలి.

రొయ్యలగుంట (ఇందుకూరుపేట)
మేష్టారూ, మాకైతే ఇది డబ్బుల సమస్య. రాత్రిళ్లు రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారుజామున మరీ తక్కువ. ఏరేటర్లు (నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలు) ఆగితే సరుకు పోతుంది. మా రైతుల గ్రూపులో ఒకసారి కరెంటు కోత నోటీసు ఒకటి ఫార్వర్డ్ అయి వచ్చింది. "వినియోగదారులకు విజ్ఞప్తి" అని మొదలై, మరమ్మతులు ఎందుకో, ఏ లైను మీదో, సహకరించమని, ఇదంతా అయ్యాక అట్టడుగున టైము. చాలామంది ఫోన్లో పై రెండు లైన్లు చూసి వదిలేశారు. జనరేటర్‌లో డీజిల్ లేనివాళ్లు అర్ధరాత్రి పరుగులు పెట్టారు.

అప్పటి నుంచి గ్రూపులో ఏ సమాచారం వచ్చినా నేను తిరగరాసి పెడుతున్నా. "14వ తేదీ బుధవారం రాత్రి 11 నుంచి 2 దాకా కరెంటు ఉండదు. డీజిల్ చూసుకోండి." తర్వాత మిగతాది. "రేపు" అని ఎప్పుడూ రాయను. ఆ మెసేజ్ ఎల్లుండి కూడా ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తారు, అప్పుడు అది ఏ రేపు? తేదీ, వారం రెండూ వేస్తా. ఒకటి తప్పు పడినా రెండోది చూసి అడుగుతారు.

వడ్ల_లెక్క (బుచ్చిరెడ్డిపాళెం)
ఆక్వా అన్న మాటకు ఇంకొకటి కలుపుతా. ఎవరు చదువుతారో తెలియకుండా రాయకూడదు. మన దగ్గర "పుట్టి 20 వేలు" అంటే చిన్నపిల్లవాడికి కూడా తెలుసు, నెల్లూరు పుట్టి 850 కిలోలు. అదే మాట రాష్ట్రమంతా చదివే పేజీలో పెడితే? వేరే ప్రాంతంలో పుట్టి లెక్క వేరు, చాలా చోట్ల క్వింటాలే. "పుట్టి (850 కిలోలు) 20 వేలు, అంటే క్వింటాలు సుమారు 2,350" అని ఒక్కసారి రాస్తే చాలు, తర్వాత ధైర్యంగా పుట్టి అనే వాడుకోవచ్చు. మన మాట వదులుకోనక్కర్లేదు. మీ రొయ్యల కౌంట్ కూడా అంతే గదా? తెలియనివాళ్లు 100 కౌంట్ అంటే 30 కౌంట్ కంటే పెద్ద రొయ్య అనుకుంటారు.

రొయ్యలగుంట (ఇందుకూరుపేట)
అవునవును. కిలోకి ఎన్ని తూగుతాయో అదే కౌంట్. 30 కౌంటే పెద్దది.

డెస్కులో_పనిచేశా (ఒంగోలు)
పత్రికలో ఉపసంపాదకుడిగా చేశాను. పల్లెల నుంచి వచ్చే వార్తల్లో నేను ఎక్కువగా సరిచేసింది తప్పులు కాదు, వాక్యాల పొడవు. తెలుగులో క్రియ చివర వస్తుంది. అందుకని మధ్యలో ఎంత ఇరికిస్తే చదివేవాళ్లు అంతసేపు ఊపిరి బిగబట్టి ఆగాలి. ఈ వాక్యం చూడండి:

"నిన్న బస్టాండు దగ్గర కట్టిన దుకాణంలో పనిచేసే మా పెదనాన్న కొడుకు కొన్న బండి పాడైంది."

నిన్న ఏం జరిగింది? దుకాణం కట్టారా, బండి కొన్నాడా, బండి పాడైందా? రాసినవాళ్లకు తెలుసు, కాబట్టి వాళ్ల కంటికి ఇబ్బంది కనపడదు. విడదీయండి: "మా పెదనాన్న కొడుకు బండి నిన్న పాడైంది. అతను బస్టాండు దగ్గరి కొత్త దుకాణంలో పనిచేస్తాడు." 'నిన్న'ను దాని క్రియ పక్కన కూర్చోబెట్టాను, అంతే. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అనే మాటలు వాటి క్రియకు దగ్గరగా ఉంటే సగం అయోమయం పోతుంది.

"వాళ్లు" దగ్గర కూడా జాగ్రత్త. "పంచాయతీ వాళ్లు కాంట్రాక్టరు మనుషులతో మాట్లాడారు, వాళ్లు రాలేదు." ఎవరు రాలేదు? అనుమానం వచ్చిన చోట పేరు మళ్లీ రాయండి. ఒకే మాట రెండుసార్లు వస్తే అందం పోతుందని బడిలో చెబుతారు. కథకు, కవిత్వానికి అది చెల్లుతుందేమో. సమాచారానికి చెల్లదు.

మంచినీళ్లు (కనిగిరి)
నేను పత్రికలకు ఉత్తరాలు రాస్తుంటాను. మా వైపు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి మీకు తెలుసు. "నీటి సమస్య తీవ్రంగా ఉంది, ప్రజలు అల్లాడుతున్నారు" అని రాస్తే ఎవరికీ ఏమీ అనిపించదు, ఏ ఊరి గురించైనా అదే వాక్యం రాయొచ్చు కాబట్టి. ట్యాంకరు వారానికి ఎన్నిసార్లు వస్తుంది, ఇంటికి ఎన్ని బిందెలు, అవి అయిపోతే ఏ బోరు నీళ్లు తాగుతున్నారు, ఇవి రాయడం మొదలుపెట్టాక నాకు ఫోన్లు వచ్చాయి, "ఏ వీధి సార్ అది" అని.

అంకె వేసేటప్పుడు పక్కన కొలత ఉండాలి. "బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 4 మిల్లీగ్రాములు" అంటే ఎక్కువో తక్కువో చదివేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? "తాగే నీళ్లలో 1.5 దాటకూడదు, ఈ బోరులో 4 ఉంది" అంటే తెలుస్తుంది. అప్పుడు "తీవ్రంగా", "దారుణంగా", "అత్యంత" అనే మాటలు వాటంతటవే అనవసరమవుతాయి. నేను ఉత్తరం అయ్యాక అలాంటివన్నీ కొట్టేసి, ఇంకా కోపం వస్తుందా అని చూసుకుంటాను. రాకపోతే వివరం చాల్లేదని అర్థం.

అక్షరదీపం_అక్క (కావలి)
ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. మన నెల్లూరు జిల్లాలో 90ల మొదట్లో అక్షర దీపం కార్యక్రమం నడిచింది. కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిళ్లు లాంతరు దగ్గర అక్షరాలు దిద్దారు. దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన సంగతిని, కొత్తగా చదవడం నేర్చుకున్నవాళ్ల కోసం పాఠంగా పెట్టారు. అది చదివి వేరే ఊళ్ల ఆడవాళ్లు "వాళ్లు చేసింది మనం చెయ్యలేమా" అని కదిలారు. దూబగుంట రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993లో ప్రభుత్వం రాష్ట్రమంతటా సారా నిషేధించింది.

ఉద్యమం ఒక్క పాఠంతో రాలేదు, ఆ ఆడవాళ్ల బాధ నుంచి, తెగువ నుంచి వచ్చింది. కానీ కూడబలుక్కుని చదివేవాళ్లకు కూడా అందేలా ఎవరో శ్రద్ధగా రాశారు. అందుకే ఒక ఊరి సంగతి ఇంకో ఊరికి చేరింది. తేలిగ్గా రాస్తే విషయం చిన్నదైపోతుంది అనేవాళ్లకు నేను ఇదే చెబుతాను. నువ్వు రాసే అర్జీ కూడా, పెన్నా పిల్లా, సంతకం పెట్టే రైతుకు అర్థం కావాలి. చదివి వినిపించాకే వేలిముద్ర వేయించు. తనకు తెలియని భాషలో తన కష్టం రాసిపెడితే అది ఆయన అర్జీ ఎట్లా అవుతుంది?

పెన్నా_పిల్ల (కోవూరు)
అక్కా, ఈ ఆలోచన నాకు రాలేదు, తప్పకుండా చేస్తాను. ఇంకో సందేహం. మన యాసలో రాయొచ్చా? "యాడ", "ఎట్టా", "ఏంది" ఇవి రాస్తే చదువురానిదనుకుంటారేమో.

డెస్కులో_పనిచేశా (ఒంగోలు)
మనుషులు అన్న మాటను అన్నట్టే రాయండి. రైతు "నీళ్లు యాడొస్తుండాయి?" అని అడిగితే, కొటేషన్‌లో అదే ఉండాలి, దాన్ని దిద్దితే ఆ మనిషి పోతాడు. మీ సొంత వాక్యం మాత్రం ఆ కాగితం ఎంత దూరం పోతుందో దాన్ని బట్టి.

వడ్ల_లెక్క (బుచ్చిరెడ్డిపాళెం)
నాది కొంచెం వేరే అభిప్రాయం. ఊళ్లో గోడకు అంటించే నోటీసు ఊరి మాటలోనే ఉండొచ్చు, చదివేది మనమే గదా. వస్తువుల పేర్లు మాత్రం ఎక్కడైనా మనవే ఉండాలి. తూము, గెనిమ (పొలం గట్టు), గుంట. వీటికి పెద్ద మాటలు వెతికితే పొలంలో ఉన్నవాడికీ అర్థం కాదు, ఆఫీసులో ఉన్నవాడికీ అర్థం కాదు.

అర్జీల_అన్న (ఆత్మకూరు)
ఇంగ్లిషు మాటలు కూడా అంతే. ట్రాన్స్‌ఫార్మర్, మోటారు, పాస్‌బుక్ అనే రాయండి. రైతు అనేది అదే, ఆఫీసువాళ్లు రాసుకునేది అదే.

సచివాలయం_పక్కిల్లు (దర్శి)
నేను ఫోన్లో మాట్లాడి టైపు చేయిస్తా, చేత్తో కొట్టడం నాకు కష్టం. దీనికి ఏమన్నా ఉపాయం ఉందా? అంతా ఒకే తాడులాగా వస్తుంది.

పలకబలపం (మార్కాపురం)
మంచి పద్ధతే, మాట్లాడితే వాడుక భాష దానంతటదే వస్తుంది. కానీ మాట్లాడేటప్పుడు ఆగే చోటు ఫోనుకు తెలియదు. అయ్యాక మీరే పైకి చదువుతూ ఊపిరి తీసుకున్న చోటల్లా ఫుల్‌స్టాప్ పెట్టండి. ఊరి పేర్లు, సర్వే నంబర్లు, ఇంటిపేర్లు ఒక్కొక్కటీ పాస్‌బుక్ పక్కన పెట్టుకుని సరిచూడండి, ఫోను తప్పు వినేది వాటినే.

ఇంకొకటి. మా ఊరు పలకలకు పేరు గదా. నేను పిల్లల చేత జరిగిన సంగతి ఏదైనా పలకకు ఒక వైపు పట్టేంత రాయించేవాణ్ణి. పట్టకపోతే తుడవాలి. ఏది తుడవాలో ఎంచుకోవడం దగ్గర తరగతిలో పెద్ద వాదన జరిగేది. "మామయ్య చొక్కా రంగు ఎందుకురా" అని ఒకడు, "అది లేకపోతే మామయ్యను ఎట్టా గుర్తుపడతారు" అని ఇంకొకడు. ఆ వాదన జరగనిచ్చేవాణ్ణి. మీరు పలక కొనక్కర్లేదు, ఫోన్లో ఒక స్క్రీన్‌కు పట్టేంత అని హద్దు పెట్టుకోండి.

కరణంగారి_మనవడు (ఉదయగిరి)
మేష్టారూ, మీరు చెప్పాక మా ఊరి గుడి కమిటీ నోటీసు ఒకటి తీసి చూశాను. సగం పేజీ విశేషణాలే. అన్నదానం ఎన్ని గంటలకో లేదు. ఈసారి నేను రాస్తానని కమిటీలో చెప్పాను. మొదటి ప్రతి ఇక్కడ పెడతాను, మొహమాటం లేకుండా దిద్దండి.

రొయ్యలగుంట (ఇందుకూరుపేట)
పెట్టు బ్రదర్. తేదీ, వారం రెండూ వెయ్యడం మర్చిపోకు.