ఉప్పు చెరువుల్లో తిరిగిన పొక్లెయిన్: చైన్ మాస్టర్ పిన్ కదలడం లేదు

ఆకివీడు చెరువుల బండి
అందరికీ నమస్కారమండి. నాది 20 టన్నుల పొక్లెయిన్. ఎడమ పక్క ఐడ్లర్ (చైన్ లోపల ముందుండే చక్రం) సీలు పోయి ఆయిల్ కారుతోంది. చైన్ విప్పితే గాని ఐడ్లర్ బయటికి రాదు. బండి ఆరేళ్లుగా రొయ్యల చెరువుల్లోనే తిరుగుతోంది, అంతా ఉప్పు మట్టి. నిన్న పొద్దున మొదలుపెట్టి చీకటిపడే దాకా నేనూ హెల్పరూ మార్చి మార్చి సమ్మెటతో కొట్టాం. చైన్ విప్పుకోవడానికని పెట్టే మాస్టర్ పిన్ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. రాత్రంతా డీజిల్, కిరోసిన్ కలిపి పోసి నానబెట్టాం. పొద్దున మళ్ళీ కొడితే పిన్ తల పాత ఉలి తలలా నలిగి చుట్టూ అంచు విచ్చుకుంది. గ్యాస్ పెట్టి కాల్చమని ఒకరు, కోసి పారేయమని ఒకరు చెబుతున్నారు. సోమవారం నుంచి గట్టు పని ఒప్పుకున్నాను. టెన్షన్‌గా ఉంది. దారి చెప్పండి.

చీమకుర్తి క్వారీ ఫిట్టర్
తమ్ముడూ, ముందు ఆ సమ్మెట పక్కన పడెయ్. దండం పెట్టి చెబుతున్నా.

నాలుగేళ్ల కిందట మా దగ్గర ఇదే పని. పిన్ మీద ఇనుప పంచ్ పెట్టి ఒక కుర్రాడు పట్టుకున్నాడు, ఇంకొకడు కొడుతున్నాడు. పదో దెబ్బో పన్నెండో దెబ్బో, ‘టిక్’మని చిన్న చప్పుడు. కుర్రాడు చెయ్యి కంటి మీద పెట్టుకుని కూర్చుండిపోయాడు. రక్తం కూడా పెద్దగా రాలేదు, నలక పడిందనుకున్నాం. ఆసుపత్రిలో ఫొటో తీస్తే బియ్యపు గింజలో సగం ఉన్న ఉక్కు ముక్క లోపలికి దిగి ఉంది. ఆ కన్ను దక్కలేదు. అప్పటికి వాడికి 22 ఏళ్లు.

పిన్ పైపొరకి గట్టిదనం పట్టించి ఉంటారు. సమ్మెట ముఖమూ గట్టిదే. రెండు గట్టి ఉక్కులు ఢీకొంటే ఏదో ఒకటి పెచ్చులు లేస్తుంది. నలిగి విచ్చుకున్న అంచు అయితే మరీ సులువుగా ఎగురుతుంది. పైగా ఆ అంచుతో పిన్ లింక్ కన్నంలోంచి దూరనే దూరదు. కొట్టేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. గ్రైండర్‌తో ఆ అంచు మొత్తం తీసెయ్, అదీ కళ్లద్దాలు పెట్టుకుని.

ఇప్పుడు మూడు విషయాలు చెప్పు. చైన్‌ని బిగించి పెట్టే గ్రీజు వదిలి లూజు చేశావా? పిన్ ఇప్పుడు ఎక్కడుంది, ఐడ్లర్ దగ్గరా, కిందా? అది మాస్టర్ పిన్నే అని ఎలా తెలుసు?

ఆకివీడు చెరువుల బండి
గ్రీజు వాల్వు తిప్పితే కొంచెం వచ్చి ఆగిపోయిందన్నా. చైన్ ఇంకా బిగుతుగానే ఉంది. పిన్ ఐడ్లర్ ముందు నడుం ఎత్తులో ఉంది. మాస్టర్ పిన్ సంగతి పాత ఓనర్ చూపించాడు, అదే నమ్మాను.

మస్కట్ వర్క్‌షాప్
సగం రోగం అక్కడే ఉంది తమ్ముడూ. చైన్ లాగి పట్టి ఉంటే ఆ బలమంతా పిన్ మీద అడ్డంగా పడుతుంది. పిన్‌ని నెట్టడానికి ఏ హైడ్రాలిక్ ప్రెస్ పెట్టినా మొరాయిస్తుంది.

గ్రీజు రాలేదని వాల్వుని ఇంకా ఇంకా విప్పొద్దు. ఒక్క చుట్టు చాలు. లోపలి ఒత్తిడికి వాల్వు ఊడితే తూటాలా వస్తుంది. ఆ గ్రీజు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా ఆలస్యం చేస్తే వేలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది. ముఖం అటు పెట్టకుండా పక్కన నిలబడి ఒక చుట్టు తిప్పి, ఆ వైపు చైన్‌ని బూమ్ (బండి చెయ్యి) ఆసరాతో నేల మీంచి లేపి, మెల్లగా ముందుకీ వెనక్కీ తిప్పించు. చైన్ తిరుగుతున్నప్పుడు దగ్గర ఎవరూ ఉండకూడదు. గ్రీజు దానంతట అదే వస్తుంది.

అంతకంటే ముందు నీళ్లు కొట్టి కడుగు. ఇక్కడ మాకు ఇసుక, మీకు జిగట మట్టి. చైన్‌ని తిప్పే స్ప్రాకెట్ పళ్లలో, రోలర్ల మధ్య గట్టిపడిన మట్టి కూడా చైన్‌ని లాగి పెడుతుంది.

గోదావరిఖని డోజర్
నేను ఎక్కువగా డోజర్ల మీద పని చేస్తా. మాకు చాలా చైన్లకు రెండు ముక్కల మాస్టర్ లింక్ ఉంటుంది. బోల్టులు విప్పితే చైన్ విడిపోతుంది, పిన్ కొట్టే పనే లేదు. మీ పొక్లెయిన్లకు పిన్నే దిక్కు.

పాత ఓనర్ మాట పక్కన పెట్టి వైరు బ్రష్‌తో అన్ని పిన్నుల తలలూ రుద్దండి. మిగతావాటికి సాదా తల ఉంటే మాస్టర్ పిన్‌కి మధ్యలో చిన్న గుంటో, వేరే గుర్తో ఉంటుంది. కొన్నిటికి లాకు రింగు ఉంటుంది, అది తీయకుండా నొక్కితే రాదు. బుష్‌కి (పిన్ చుట్టూ ఉండే గొట్టానికి) రెండు పక్కలా విడి వాషర్లు కనిపించినా అదే మాస్టర్ జాయింట్. మామూలు పిన్నుల కంటే మాస్టర్ పిన్ బిగింపు కొంచెం తక్కువ పెడతారు, బయట విప్పుకోవడానికే. మీరు మామూలు పిన్‌ని కొడుతుంటే నెల రోజులు కొట్టినా అంతే.

ఇంకోటి. ఆయిల్ నింపి రబ్బరు బిరడా పెట్టిన పిన్నులు ఉంటాయి, డోజర్లకు ఎక్కువ. బిరడా తీయకుండా గ్యాస్ పెడితే లోపల ఆయిల్ మరిగి బిరడా ఎగిరి వస్తుంది. గ్యాస్ ముట్టించే ముందు పిన్ చివర ఏముందో చూడండి.

ఆకివీడు చెరువుల బండి
అన్నా, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే! 45 లింకులూ కడిగి రుద్దాం. మేం రెండు రోజులుగా కొడుతున్నది మామూలు పిన్. అక్కడి నుంచి ఐదు లింకుల అవతల మధ్యలో గుంట ఉన్న పిన్ దొరికింది. గుంట నిండా తుప్పు, మట్టి. దాని తల కూడా కాస్త నలిగి ఉంది, మాకంటే ముందు ఎవరో కొట్టినట్టున్నారు. చైన్ కూడా లూజైంది. భీమవరంలో 100 టన్నుల ప్రెస్ అద్దెకు మాట్లాడాను.

కైకలూరు ఓనర్
పిన్ మీద ఐసు పెడితే కుంచించుకుపోయి వస్తుందంటారు కదా. మన దగ్గర రొయ్యల ఐసుకి కరువు లేదు. ఎవరైనా చేశారా?

చీమకుర్తి క్వారీ ఫిట్టర్
లెక్క చెబుతా బాబాయ్. ఉక్కు ఒక డిగ్రీకి పది లక్షల్లో 12 వంతులు సాగుతుంది. పిన్ 36 మిల్లీమీటర్లనుకో. 35 డిగ్రీల నుంచి ఐసు చల్లదనానికి తెస్తే తగ్గేది 0.015 మిల్లీమీటరు. పైగా పిన్ లింక్ లోపల ఉండగా ఐసు పెడితే లింకూ చల్లబడుతుంది. కొత్త పిన్ ఎక్కించేటప్పుడు రాత్రంతా ఐసులో పెట్టుకో, కాస్త సాయం.

అదే లింక్‌ని 200 డిగ్రీలు పెంచితే కన్నం 0.086 మిల్లీమీటరు పెరుగుతుంది. అందుకే గ్యాస్ పెడితే లింక్ మీద పెట్టాలి, పిన్ మీద కాదు. కోసే నాజిల్ కాకుండా వేడి చేసే పెద్ద నాజిల్‌తో కన్నం చుట్టూ గబగబా తిప్పి, వెంటనే నొక్కాలి. అరగంట నిదానంగా కాల్చావంటే పిన్నూ వేడెక్కి సాగుతుంది, చేసిందంతా వృథా. లింక్ మీద నీలం రంగు తేలితే 300 డిగ్రీల దగ్గరికి వచ్చినట్టే, ఆపెయ్. ఎర్రబడితే లింక్ గట్టిదనం పోతుంది. లోపలి గ్రీజు అంటుకుంటుంది, ఇసుక బకెట్ పక్కనే ఉంచు.

ప్రెస్ కడ్డీ పిన్‌కి నిక్కచ్చిగా ఎదురుగా కూర్చోవాలి. రవ్వంత వంకర ఉన్నా పిన్ గీసుకుంటూ పోయి మళ్ళీ ఇరుక్కుంటుంది. పిన్ వచ్చే వైపు పాత కన్వేయర్ బెల్టు ముక్క వేలాడదియ్. ఆ లైన్లో ఎవరూ నిలబడొద్దు.

మస్కట్ వర్క్‌షాప్
ఇవన్నీ చేసినా రాకపోతే మొహమాటపడొద్దు. ఒక లింక్ జతను గ్యాస్‌తో కోసేసి, కొత్త లింకులు, బుష్, పిన్ వేయించడం మేలు. మేం ఇక్కడ రెండుసార్లు అలాగే చేశాం. పిన్ మధ్యలో గ్యాస్‌తో కన్నం చేసే పద్ధతి కూడా ఉంది, కానీ చెయ్యి తిరిగినవాడు లేకపోతే లింక్ కన్నం పాడవుతుంది. కోసే ముందు చైన్ కింద దుంగలు పెట్టండి, తెగగానే ఆ బరువంతా ఒక్కసారి జారుతుంది.

ఆకివీడు చెరువుల బండి
వచ్చేసిందండి! అంచు గ్రైండ్ చేసి, మాస్టర్ పిన్‌ని ఐడ్లర్ ముందుకు తెచ్చి, కింద తాటి దుంగ పెట్టి ప్రెస్ ఎక్కించాం. మొదటిసారి నొక్కితే మీటరు ముల్లు 80 టన్నులకు పోయినా కదల్లేదు. లింక్‌ని రెండు నిమిషాలు వేడి చేసి మళ్ళీ నొక్కితే తుపాకీ పేలినట్టు చప్పుడై పావు అంగుళం జరిగింది. హెల్పర్ అయితే గట్టు దాకా పరిగెత్తాడు. అక్కడి నుంచి మెల్లగా మొత్తం వచ్చింది. లోపల చుక్క గ్రీజు లేదు, కుంకుమలాంటి ఎర్ర పొడి. బుష్ ఒక వైపు గాడి పడింది, అదీ మార్చాం. కన్నం ఎమరీ పేపర్‌తో తుడిచి, పలచగా గ్రీజు రాసి కొత్త పిన్ అదే ప్రెస్‌తో ఎక్కించాం. మేం కొట్టిన పిన్ తల కూడా సాపు చేశాను.

ఇప్పుడు రెండు వైపులా మాస్టర్ లింకులకు పసుపు రంగు పెయింట్ కొట్టాను. మట్టికి పోతుందేమో, నెలకోసారి మళ్ళీ కొడతాను.

చీమకుర్తి క్వారీ ఫిట్టర్
మంచి పని చేశావు. ఒక పూట నడిపాక చైన్ వేలాడటం మాన్యువల్ కొలతతో సరిచూసుకో. ఆ హెల్పర్‌కి కళ్లద్దాలు కొనిచ్చావా?

ఆకివీడు చెరువుల బండి
ప్రెస్ తెచ్చిన రోజే కొన్నానన్నా. ఇద్దరికీ.