సేఫ్టీ ప్లాన్ రాయడం తేలికే, గడ్డు రాత్రి అది అక్కరకు రావాలంటే ఎలా రాయాలి?

చిన్నదీపం అడిగిన ప్రశ్న:

ఆత్మహత్య ఆలోచనలు వచ్చిపోతుండే మనిషి పక్కన కూర్చుని సేఫ్టీ ప్లాన్, అంటే ఆ ఆలోచనలు ముదిరిన వేళ ఏం చేయాలో ముందే రాసిపెట్టుకునే కాగితం, రాయించాలి. ఆరు మెట్ల ఫారం చేతిలో ఉంది. నింపడం కష్టం కాదు. నింపాక మాత్రం ఇలా తయారవుతోంది:

హెచ్చరిక సంకేతాలు: బాధ, ఒంటరితనం.
నాకు నేను చేసుకోగలిగినవి: ధ్యానం, పాటలు వినడం, నడక.
మనసు మళ్లించే మనుషులు, చోట్లు: స్నేహితులు.
సాయం అడగదగినవాళ్లు: ఇంట్లోవాళ్లు.
వైద్యులు, హెల్ప్‌లైన్: డాక్టరు గారు.
చుట్టూ క్షేమంగా ఉంచుకోవడం: మందులు జాగ్రత్త చేయడం.

తప్పేమీ రాయలేదు. కానీ పైన ఎవరి పేరు పెట్టినా సరిపోయే కాగితం ఇది. రెండు వారాలకే సొరుగులోకి చేరిపోతుంది. ధ్యానం సంగతి అడిగితే "ప్రయత్నించాను, పని చేయలేదు" అంటారు. ఒక్కో మెట్టులో ఏం రాయాలి, ఎంత వివరంగా రాయాలి, కోపింగ్ స్కిల్స్ (గడ్డు వేళను తట్టుకోవడానికి తనకు తాను చేసుకునే పనులు) మనిషికి అలవాటు కావాలంటే ఏం చేయాలి? అనుభవం ఉన్నవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

గట్టుమీద:

చిన్నదీపం గారూ, ముందుగా ఈ పేజీ చదివే ఎవరికైనా ఒక మాట. ఇప్పుడే, ఈ క్షణంలోనే ప్రాణం తీసుకోవాలనిపిస్తుంటే ఇక్కడ జవాబుల కోసం ఆగకండి. మీరున్న చోటి అత్యవసర నంబరుకు గానీ, హెల్ప్‌లైన్‌కి గానీ ఫోన్ చేయండి, లేదా పక్కగదిలో ఉన్న మనిషిని లేపండి.

ఇక మీ ఫారం సంగతి. అది మనసు కుదురుగా ఉన్న మనిషి చదవడానికి రాసినట్టుంది. అవసరమయ్యే వేళకి ఆ కుదురు ఉండదు. చూపు ఇరుకైపోతుంది, కొత్త దారి తోచదు, రెండింటిలో ఒకటి ఎంచుకోవడం కూడా కొండెక్కినంత పని అవుతుంది. అందుకే ప్లాన్‌లో ఎంచుకోవాల్సిన పని మిగల్చకూడదు. చదివింది చదివినట్టు చేసేయగలగాలి.

ఈ పద్ధతిని తయారుచేసింది బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు. 2012లో దాన్ని వివరంగా ప్రచురించారు. దాని వెనకున్న ఆలోచన ఇది: చావాలన్న తీవ్రత సముద్రపు పోటు లాంటిది, పెరిగి పెరిగి మళ్లీ తగ్గుతుంది. అది తగ్గేదాకా మనిషి ప్రాణంతో ఉండేలా చూడడమే ప్లాన్ పని. జీవితంలోని సమస్యలు తీర్చడం దాని పని కాదు. ఈ సంగతి రాయించేటప్పుడే చెప్పండి, లేకపోతే "ఇదంతా చేస్తే నా అప్పు తీరుతుందా?" అనే ప్రశ్న దగ్గరే ఆగిపోతారు.

మొదటి మెట్టులో "బాధ" అని రాయనివ్వకండి. పోయినసారి ఆ స్థితికి చేరిన రోజును తీసుకుని, పొద్దున్నుంచి ఏం జరిగిందో వరసగా అడగండి. ఎప్పుడు లేచారు, ఏం తిన్నారు, ఎవరి ఫోన్ ఎత్తలేదు, మొదట ఏ మాట మనసులో మెదిలింది? అప్పుడు బయటికొచ్చేది ఇలా ఉంటుంది: "వరసగా రెండు రాత్రులు మూడింటికే మెలకువ. ఫోన్ సైలెంట్‌లో పెట్టేస్తాను. 'నేను లేకపోతే వీళ్లకి బరువు తగ్గుతుంది' అనే మాట మొదలవుతుంది." ఆ మాటను ఆ మనిషి నోటి నుంచి వచ్చినట్టే రాయండి, మీ భాషలోకి దిద్దకండి. ఆ వాక్యం తలలో మెదిలినప్పుడు ప్లాన్ గుర్తుకొచ్చేది అది అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద ఉంటేనే.

మూడో మెట్టుకీ నాలుగో మెట్టుకీ తేడా చాలామంది గమనించరు. మూడోదాంట్లో ఉన్న మనుషులకు ఏమీ చెప్పనక్కర్లేదు. వాళ్లతో క్రికెట్ గురించి మాట్లాడినా సరే, నలుగురు తిరిగే చోట ఊరికే కూర్చున్నా సరే, మనసు కాసేపు మళ్లితే చాలు. నాలుగోదాంట్లో ఉన్నవాళ్లకు "నా పరిస్థితి బాగాలేదు" అని నోరు విప్పి చెప్పాలి. ఇద్దరినీ కలిపేసి "స్నేహితులు" అని రాస్తే, చెప్పుకోవడం ఇష్టంలేని రోజున మనిషి ఆ రెండు మెట్లూ వదిలేస్తాడు. పేరు, ఫోన్ నంబరు, ఏ వేళల్లో దొరుకుతారు అన్నవి తప్పనిసరి. నాలుగో మెట్టులో పెట్టిన వ్యక్తిని ముందే అడిగి ఒప్పించాలి. అడగకుండా పేరు రాసుకుంటే, తీరా ఫోన్ చేసిన రోజు అవతలివాళ్లు కంగారుపడి కేకలేయడమో, ఉపన్యాసం ఇవ్వడమో జరుగుతుంది. ఆ తర్వాత ఆ మెట్టు శాశ్వతంగా మూసుకుపోతుంది.

మెట్లు అన్నాం కదా అని ఒకటి నుంచి ఎక్కుతూ పోవాలని లేదు. ప్రమాదం దగ్గరపడిందనిపిస్తే నేరుగా ఐదుకు, అంటే వైద్యుల దగ్గరికో హెల్ప్‌లైన్‌కో వెళ్లాలి. ఈ వాక్యం కాగితం పైభాగంలోనే పెద్ద అక్షరాలతో ఉండాలి.

నీలిమబ్బు:

గట్టుమీద గారు చెప్పినవాటికి కోపింగ్ స్కిల్స్ సంగతి కలుపుతాను. "పని చేయలేదు" అన్న మాట వెనక దాదాపు ఎప్పుడూ మూడింట్లో ఏదో ఒకటి ఉంటుంది.

మొదటిది, ఆలస్యంగా మొదలుపెట్టడం. తీవ్రతను 0 నుంచి 10 దాకా కొలవమనండి. తొమ్మిదికి చేరాక కళ్లు మూసుకుని ధ్యానం చేయమంటే ఎవరివల్లా కాదు, కళ్లు మూస్తే ఆ ఆలోచనలు ఇంకా గట్టిగా వినిపిస్తాయి. ఏ అంకె దగ్గర ఏం చేయాలో విడగొట్టాలి. నాలుగు, ఐదు దగ్గర మనసుతో చేసేవి: ఎవరితోనైనా కబుర్లు, చేతిపని, చుట్టూ కనిపించే ఐదు వస్తువుల పేర్లు, వినిపించే నాలుగు చప్పుళ్లు పైకి చెప్పుకోవడం. ఏడు దాటితే ఒంటితో చేసేవే పనికొస్తాయి.

డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మానసిక చికిత్సను రూపొందించిన మార్షా లైనహాన్ ఇలాంటివి నాలుగు కలిపి నేర్పారు: చల్లటి నీళ్లు, ఒళ్లు అలిసేలా వ్యాయామం, నిదానంగా శ్వాస, కండరాలు బిగించి వదలడం. చల్లటి నీళ్లంటే ఊరికే మొహం కడుక్కోవడం కాదు. ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి, కళ్లూ చెంపలూ మునిగేలా గిన్నెలోని చల్లటి నీళ్లలో మొహం ఉంచాలి. ఒక్కోసారి 30 సెకన్ల దాకా, అంతసేపు కష్టమైతే అంతకంటే ముందే తీసేయొచ్చు. నీళ్లలో మునిగినప్పుడు గుండె వేగం తగ్గించే సహజమైన ప్రతిస్పందన ఒకటి శరీరంలో ఉంది, దాన్నే ఇక్కడ వాడుకుంటున్నాం. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గుండె వేగం తగ్గించే మందులు వాడేవాళ్లు, ఈటింగ్ డిజార్డర్ (తిండికి సంబంధించిన మానసిక జబ్బు) ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీన్ని ప్లాన్‌లో పెట్టకూడదు. శ్వాసకైతే లెక్క ఒక్కటే గుర్తుంచుకోమనండి: లోపలికి నాలుగు, బయటికి ఆరు. నిమిషానికి ఆరు శ్వాసలొస్తాయి. వదలడం పొడుగ్గా ఉండడమే ముఖ్యం. గట్టిగా పీల్చి పీల్చి వదిలితే కళ్లు తిరుగుతాయి, "ఇది నాకు పడదు" అని మానేస్తారు.

రెండోది, సాధన లేకపోవడం. కుదురుగా ఉన్న రోజుల్లో చేయని పని గడ్డు రోజున రాదు. రోజూ చేసే పని ఒకటి చూసి దాని వెనకే తగిలించండి: "పళ్లు తోముకోగానే, అక్కడే నిలబడి పది శ్వాసలు." ఇలా "ఇది అవగానే ఇది" అని ముందే కట్టేసుకున్న నిర్ణయాలు ఊరికే "చేస్తాను" అనుకున్నవాటికంటే బాగా అమలవుతాయని పీటర్ గోల్విట్జర్ లాంటి సైకాలజిస్టులు ఎప్పుడో చూపించారు. అలవాటు 21 రోజుల్లో వచ్చేస్తుందని ఆశ పెట్టకండి. 2010లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది, అదీ మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే కొంప మునగదని కూడా అందులోనే తేలింది. ఈ ఒక్క సంగతి చెప్పడంవల్ల మానేయకుండా నిలిచేవాళ్లు ఉంటారు.

మూడోది, కొలతలో పొరపాటు. మనసు ప్రశాంతం కావాలని ఎదురుచూస్తారు. తొమ్మిది ఏడు అయితే చాలు, స్కిల్ పని చేసినట్టే. ముందు అంకె, తర్వాత అంకె కాగితం వెనక రాసుకోమనండి. "ఏమీ మారలేదు" అన్న మనిషి తన చేత్తో రాసుకున్న అంకెలు చూసి మారిందని ఒప్పుకుంటాడు. నిజంగానే మారకపోతే ఆ స్కిల్ కొట్టేసి మరొకటి పెట్టండి. మొత్తం మూడో నాలుగో చాలు. ఇరవై రాస్తే మళ్లీ ఎంచుకోవాల్సిన పనే.

ఒక్కొక్కటి రాసిన వెంటనే అడగాల్సిన ప్రశ్నలు రెండు: "ఆ వేళలో ఇది చేయగలనని ఎంత నమ్మకం, పదికి ఎంత?", "అడ్డొచ్చేది ఏమిటి?" ఏడు కంటే తక్కువ చెబితే ఆ పనిని చిన్నది చేయండి. "నడక" అనేది "చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లి రావడం, వాన పడితే మెట్లు మూడుసార్లు ఎక్కి దిగడం" అవుతుంది.

చిన్నదీపం:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఆరో మెట్టు, అంటే చుట్టూ క్షేమంగా ఉంచుకోవడం గురించి ఎవరూ రాయలేదు. అక్కడే నాకు మాట పెగలడం లేదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని భయం. "అలాంటి పని చేయనని మాటివ్వు" అని అడిగి వదిలేయొచ్చా?

గట్టుమీద:

మాట తీసుకోకండి. అలా ఒట్టు వేయించుకోవడంవల్ల ప్రమాదం తగ్గుతుందనడానికి ఆధారం లేదు. పైగా మాట ఇచ్చేశాక, మళ్లీ ఆలోచన వస్తే చెప్పడానికి మొహం చెల్లదు. సూటిగా అడగడంవల్ల ఆలోచన పుట్టదు, ఈ విషయంలో పరిశోధనలు స్పష్టంగా ఉన్నాయి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని అడగండి. అవునంటే "ఎలా అనుకున్నారు?" అని అడగండి. డొంకతిరుగుడు వద్దు. "పిచ్చి పనులేమీ ఆలోచించట్లేదు కదా?" అని అడిగితే లేదనే జవాబే వస్తుంది.

ఆరో మెట్టే ఈ కాగితానికి ప్రాణం. నిర్ణయానికీ చేతకూ మధ్య చాలామందిలో గంట కూడా ఉండదు. ఆ కాసేపట్లో వస్తువు చేతికి అందకపోతే చాలా ప్రాణాలు నిలుస్తాయి, ఒక దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటారన్నది ఎక్కువమంది విషయంలో నిజం కాదు. చివరి మెట్టు కదా అని చివర్లో హడావిడిగా రాయకండి. గంట సమయం ఉంటే అందులో పదిహేను నిమిషాలు దీనికే ఉంచండి.

"మందులు జాగ్రత్త" అన్న మాటలో కర్త లేడు. ఎవరు, ఏది, ఎక్కడికి, ఎప్పటికల్లా, ఎప్పటిదాకా అన్నవి ఐదూ ఉండాలి. "ఇంట్లో మిగిలిన పాత మాత్రలన్నీ అక్క ఈ రోజు సాయంత్రంలోగా మందుల షాపులో తిరిగి ఇచ్చేస్తుంది. వాడుతున్నవి వారానికి సరిపడా మాత్రమే ఇంట్లో ఉంటాయి, మిగతావి అక్క ఇంట్లో. డాక్టరు గారితో కలిసి మూడు నెలలకి మళ్లీ చూస్తాం." ఇలా. తుపాకీ, పురుగుమందు లాంటివి ఉంటే ఇంటి నుంచే తరలించాలి. తాళం వేసి ఆ తాళంచెవి అదే మనిషికి తెలిసిన చోట దాస్తే తాళం వేసినట్టు కాదు. ప్రమాదకరమైన వస్తువును ఆ మనిషే స్వయంగా తీసుకెళ్లి అప్పగించేలా కూడా పెట్టకండి, ఇంకొకరు చేయాలి. బలవంతంగా లాక్కున్నట్టూ ఉండకూడదు. "కొన్నాళ్లు మీకు, దానికి మధ్య దూరం పెడదాం, ఎలాగైతే మీకు సమ్మతం?" అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

మద్యం సంగతి కూడా ఇక్కడే అడగండి. తాగినప్పుడు పైన రాసిన మెట్లేవీ పని చేయవు.

నీలిమబ్బు:

సొరుగులోకి చేరకుండా ఉండాలంటే ఒక్కటే మందు, మళ్లీ మళ్లీ తీసి చూడడం. 2018లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, అత్యవసర విభాగానికి వచ్చిన 1,640 మందిని ఆరు నెలలు గమనించారు. సేఫ్టీ ప్లాన్‌తో పాటు తర్వాత ఫోన్లు కూడా అందుకున్నవాళ్లలో ఆత్మహత్యకు సంబంధించిన ప్రవర్తన, మామూలు వైద్యం పొందినవాళ్లతో పోలిస్తే 45 శాతం తక్కువ. అక్కడ కాగితం ఇచ్చి పంపేయలేదు. 72 గంటల్లోపు ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కున్నారు, ప్లాన్ తీయించి కలిసి చదివారు, పనికిరానివి మార్చారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మొదటి మూడు నెలలు అన్నిటికంటే గడ్డు కాలం కాబట్టి అప్పుడు వారానికోసారి అయినా తీసి చూడాలి.

కాగితం ఫొటో తీసి ఫోన్‌లో తెరవగానే దొరికేలా పెట్టించండి, కాపీ ఒకటి నాలుగో మెట్టు వ్యక్తికి ఇవ్వండి. హెల్ప్‌లైన్ నంబరుకు మీరు పక్కనుండగానే ఒకసారి ఫోన్ చేయించండి. అవతల ఏం అడుగుతారో తెలిస్తే గడ్డు రోజున వేలు వణకదు.

చిన్నదీపం:

ఇవాళ మళ్లీ కూర్చుని తిరగరాశాం. ఆ మనిషి అనుమతితో నాలుగో మెట్టు ఇక్కడ పెడుతున్నాను: "పిన్నికి ఫోన్ చేస్తాను. ఎత్తగానే 'పిన్నీ, నాకు బాగాలేదు, కాసేపు లైన్‌లో ఉండు' అంటాను. పిన్నితో ముందే మాట్లాడాను, సలహాలివ్వకుండా వింటానంది."

గట్టుమీద:

చెప్పాల్సిన మాట కూడా రాసిపెట్టడం చాలా బాగుంది. ఒక్కటి చూడండి. మొదటి మెట్టుకు నేను రాసిన ఉదాహరణలో లాగా మీ మనిషికీ మూడింటికే మెలకువ వస్తుందనుకోండి. ఆ వేళకి పిన్ని ఫోన్ సైలెంట్‌లో ఉంటుందా? ఉంటే ఈ ఒక్క నంబరుకు మోగేలా ఆవిడ ఫోన్‌లో సెట్ చేయించి, ఒక రాత్రి మోగించి చూడండి. "రెండుసార్లు చేసినా ఎత్తకపోతే" అని కింద ఇంకో వాక్యం రాసి, అక్కడ హెల్ప్‌లైన్ నంబరు వేయండి.