అప్‌డేట్: బటాడ్ వరి మడులు నిజంగా 2000 ఏళ్ల నాటివేనా?

ఫిలిప్పీన్స్‌లో ఇఫుగావ్ ప్రావిన్స్‌లోని బటాడ్ అనే ఊరి గురించి అడిగాను కదా, అంత కొండ వాలు మీద మడులకు నీళ్లెలా అందుతాయి, అవి నిజంగా 2000 ఏళ్ల నాటివేనా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్, అప్పట్నుంచి దొరికిందల్లా చదువుతున్నాను.

నీళ్ల రహస్యమంతా పైనున్న అడవిలోనే ఉంది. దాన్ని ముయోంగ్ అంటారు, కుటుంబాలే తరతరాలుగా కాపాడుకుంటాయి. ఆ చెట్లు వాన నీటిని పట్టి ఉంచితే ఊటలు, వాగులు పారుతాయి, అక్కణ్ణుంచి కాలవల్లో పై మడికి, అది నిండాక కింది మడికి, మోటారు అవసరమే లేకుండా. బటాడ్‌లో గట్లు రాతితో పేర్చినవి, ఒకచోట కూలితే కింది మడికీ ముప్పే. ఇంత కష్టపడితే పాతకాలపు తినావన్ వరి ఏడాదికి ఒక్క పంటే!

ఇక వయసు. 2000 ఏళ్లు, అంతకుమించి అన్నది ఓట్లీ బేయర్ లాంటి తొలి పరిశోధకుల అంచనా. స్టీఫెన్ అకాబాదో బృందం తవ్వకాలు, కార్బన్ పరీక్షల ప్రకారం మాత్రం ఇక్కడ వరి మడులు విస్తరించింది స్పానిష్‌వాళ్లు వచ్చాకే, అంటే సుమారు 400 ఏళ్ల కిందట. నాకు ఇదే నమ్మదగ్గదిగా ఉంది, పైగా దీనివల్ల ఆ రైతుల గొప్పతనం ఏమీ తగ్గదు, వలసపాలనకు లొంగకుండా కొండల్లో నిలబడి ఇంత కట్టారంటే ఇంకా గౌరవం పెరిగింది.

1995లో యునెస్కో గుర్తింపు, 2001లో ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితా, 2012లో అందులోంచి బయటికి. కుర్రవాళ్లు పట్నాలకు పోతే గట్లు కట్టేవాళ్లు లేకపోవడమే ఇప్పటికీ పెద్ద టెన్షన్.