అప్‌డేట్: ఛాసిస్ విల్లీస్, ఇంజిన్ ఫోర్డ్. మరి నా జీపు ఒరిజినలేనా?

ఆర్‌సీలో విల్లీస్ అని ఉన్న మా పాత జీపులో బోల్టుల మీద ఎఫ్ అక్షరం ఎందుకుందని అడిగాను కదండీ. గ్రిల్ కింద చూడమని చెప్పినవాళ్లకు థాంక్స్. అసలు విషయం అక్కడే తేలింది. (ఎఫ్ అంటే ఫోర్డ్ కంపెనీ గుర్తు.)

రేడియేటర్ కింది అడ్డ కమ్మీ గుండ్రటి పైపులా ఉంది, అంటే ఛాసిస్ విల్లీస్ ఎంబీ (విల్లీస్ కంపెనీ సైనిక జీపు). ఫోర్డ్ చేసిన అలాంటి జీపు, అంటే జీపీడబ్ల్యూ అయితే అక్కడ తిరగేసిన యు ఆకారపు పట్టీ ఉండేది. కానీ మసి గీకితే ఇంజిన్ బ్లాక్ మీద జీపీడబ్ల్యూ నంబరు బయటపడింది! రెండో ప్రపంచ యుద్ధంలో రెండు కంపెనీలూ ఒకే డిజైన్‌తో చేశాయి కాబట్టి, ఒకదాని ఇంజిన్ ఇంకోదానికి సరిగ్గా సరిపోతుంది. సైన్యం వర్క్‌షాపుల్లో చేతికందింది బిగించి పంపేసేవాళ్లు. అందుకే ఫోర్డ్ ఇంజిన్‌ని నకిలీ అనడం నాకు నచ్చదు. అదీ ఈ బండి చరిత్రే.

గేర్‌బాక్స్ సంగతి వేరు. ఉండాల్సింది టి-84, ఉన్నది తర్వాత మామూలు జనం కోసం చేసిన సీజే జీపుల టి-90. ఇది యుద్ధం తర్వాత ఎవరో మార్చిందే. అయినా తీయను, పాతదానికన్నా గట్టిది. (మా మెకానిక్ అయితే ఏకంగా డీజిల్ ఇంజిన్ పెట్టేద్దామన్నాడు. దణ్ణం పెట్టేశాను.)

అమ్మేటప్పుడు మాత్రం ‘మ్యాచింగ్ నంబర్స్’ (అన్ని భాగాలూ ఆ బండితో వచ్చినవే) అని రాయను, ఏది ఎక్కడిదో విడిగా రాస్తాను. ప్రస్తుతానికి ఎఫ్ బోల్టులకు తుప్పు వదిలించి మళ్లీ అవే బిగిస్తున్నాం. ఆరు వోల్టుల వైరింగ్ ఇంకా మిగిలి ఉంది.